మేనమామ ఇస్తానన్న తుపాకి

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తల్లి రాశారు. బాబుకి పద్నాలుగేళ్లు, ఏడాదిగా షూటింగ్ నేర్చుకుంటున్నాడు. మదనపల్లెలో ఉండే మేనమామకు లైసెన్స్ తుపాకి ఉంది, సంక్రాంతికి ఊరెళ్తే మామిడితోటలో వాడిచేత రెండుసార్లు కాల్పించారట. ఇప్పుడు పుట్టినరోజుకి గాలి ఒత్తిడితో పేల్చే ఎయిర్ రైఫిల్ కొనిస్తానని, 21 నిండాక తన తుపాకి కూడా వాడికేనని అంటున్నారు. భర్త ససేమిరా అంటున్నారు. "వద్దంటే అన్నయ్య నొచ్చుకుంటాడు, సరేనంటే ఇంట్లో గొడవ. పైగా మార్కులు తగ్గినప్పట్నుంచి బాబు తలుపేసుకుని కూర్చుంటున్నాడు. ఏం చెయ్యను?"

అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారే, ఆ తలుపు సంగతి ముందు చూద్దాం. వాడి మనసులో ఏముందో తెలిసేదాకా ఇంట్లోకి ఏ తుపాకీ రాకూడదు, ఎయిర్ రైఫిల్ అయినా సరే. ఆ వయసులో అవమానం, కోపం ఒక్కసారిగా ముంచుకొస్తాయి, కాసేపటికి తగ్గిపోతాయి కూడా, కానీ ఆ కాసేపట్లో చేతికి ఏం అందుతుందన్నదే నా భయం. మార్కుల ఊసెత్తకుండా పక్కన కూర్చుని, "బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, మాట దాటేసినా ఆలస్యం చెయ్యొద్దు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి మీ ఊళ్లోనే ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మామిడితోట. మీ అన్నయ్య ప్రేమకొద్దీ చేశారు, కానీ అది మళ్లీ జరగకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 నిండనివాళ్ల చేతికి తుపాకి ఇవ్వకూడదు. శిక్షణకు మినహాయింపు ఉన్నా దానికి షరతులున్నాయి, తోటలో సరదాకి అది చెల్లదు. లైసెన్స్ ఇచ్చేది మనిషికి, ఇంటికి కాదు, కాబట్టి 21 దాటాక కూడా వాడు సొంతంగా లైసెన్స్ తెచ్చుకోవాల్సిందే.

4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, శక్తి 20 జౌళ్లు దాటకపోతే, లైసెన్స్ అక్కర్లేదు. అంతమాత్రాన బొమ్మ అనుకోకండి, దాన్నుంచి వచ్చే చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, తగిలితే కన్ను పోతుంది. బాల్కనీలో పావురాల మీదకి గురిపెట్టే సరదా మొదలైతే ఎదురు అపార్ట్‌మెంట్లో పిల్లలుంటారు. అలాగని చిన్నచూపు కూడా చూడొద్దు, ఒలింపిక్స్‌లో 2008లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. అందులో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టాలంటే ఊపిరి, నిలబడే తీరు, ట్రిగ్గర్ మీద వేలు అన్నీ కుదరాలి, నెలల తరబడి ఒకే పని విసుగులేకుండా చెయ్యాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలని, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదని, ఆపమనగానే ఆపేయాలని, పెల్లెట్లు ముట్టుకున్నాక సీసం కాబట్టి చేతులు కడుక్కోవాలని వందసార్లు చెప్పే మనిషి ఒకరు పక్కనుండాలి. వాడికి రైఫిల్ కంటే ముందు కావాల్సింది ఆ మనిషే.

కొనడానికి తొందరేం లేదు. క్లబ్ రైఫిల్‌తో సాధన చేయనివ్వండి, పైగా వాడింకా పొడుగెదుగుతాడు, ఇప్పటి కొలతకి కొన్నది రేపు సరిపోకపోవచ్చు. ఎప్పుడు కొనాలో కోచ్‌నే అడగండి. కొన్నప్పుడు బిల్లు మీవారి పేరున ఉండాలి, క్లబ్‌లో పెట్టే వీలుంటే అక్కడే పెట్టండి, ఇంట్లో అయితే రైఫిల్ ఒకచోట, పెల్లెట్లు వేరే చోట తాళం వేసి, రెండు తాళంచెవులూ పెద్దవాళ్ల దగ్గర. మీవారు కూడా వద్దని తేల్చేసే ముందు ఒక్కసారి వాడు సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కొడుకు పక్కన నిలబడి చూడాలి. బహుశా వాడు ఎదురుచూస్తున్నది కూడా అదే కావచ్చు.

మీ అన్నయ్యకి ఫోన్‌లో కాకుండా ఎదురుగా, ఇలా చెప్పండి: "అన్నయ్యా, పుట్టినరోజుకి రైఫిల్ వద్దు. నెలకో ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి వీణ్ని రేంజ్‌కి తీసుకెళ్లు, మధ్యాహ్నం ఇక్కడే భోంచేసి వెళ్దువుగాని."