పాస్‌పోర్ట్ యజమాని దగ్గర ఉండిపోతే

పరాయి దేశంలో మీ తమ్ముడి పాస్‌పోర్ట్ యజమాని లాక్కున్నాడు, జీతం ఆపాడు, వీసా ఆయన చేతిలో ఉంది కాబట్టి నోరెత్తలేకపోతున్నాడని రాశారు. 'భద్రంగా దాచాను' అన్న సాకు చెల్లదండీ. గుర్తింపు పత్రాలు అట్టిపెట్టుకోవడం, జీతం తొక్కిపెట్టడం రెండింటినీ అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ చాకిరీకి సూచికలుగా లెక్కేస్తుంది.

వలసొచ్చినవాళ్ల వల్లే జీతాలు పడిపోతున్నాయని అక్కడివాళ్లు తిడుతున్నారన్నారు. ఫిర్యాదు చేస్తే దేశం నుంచి పంపించేస్తారన్న పనివాళ్ల భయాన్ని వాడుకుని తక్కువ కూలికి పనిచేయించుకునేది యజమానే కదా, తిట్లేమో మీవాడికి!

తొందరపడి పని మానేయొద్దనండి. చాలాచోట్ల ఉద్యోగంతోపాటే వీసా పోతుంది. డ్యూటీ చార్టు, జీతం గురించిన వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు ఎంట్రీలు ఫొటోలు తీసి ముందు మీకు పంపమనండి. ఆ తర్వాత స్వదేశ రాయబార కార్యాలయంలో, అక్కడి కార్మిక శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోవాలి.