నాటకాలాడేవాడే హిపోక్రైట్

ప్రశ్న: సార్, పీజీ ఎంట్రన్స్‌కి ఇంగ్లిష్ చదువుతున్నాను. టాంటలైజ్, పానిక్, ట్రాజెడీ, హిపోక్రైట్... ఏ మాట పట్టుకున్నా గ్రీకు కథో, గ్రీకు నాటకమో అంటారు. బట్టీ పడితే రెండో రోజుకే మరిచిపోతున్నా. ఒకటే టెన్షన్.
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ముందు ఆ బట్టీ ఆపమ్మా. పనికి అడ్డం పడేవాణ్ణి సైంధవుడంటాం, ఇటూ అటూ కాని బతుకుని త్రిశంకు స్వర్గమంటాం, వీటిని నువ్వు ఎప్పుడైనా బట్టీ పట్టావా? కథ విన్నావు కాబట్టి మాట దానంతటదే వచ్చింది. ఇంగ్లిష్‌లో ఆ పని గ్రీకు కథలు చేశాయి. టాంటలస్ అనే రాజు దేవతల శిక్ష వల్ల పాతాళంలో గడ్డం దాకా నీళ్లలో నిలబడ్డాడు, తాగబోతే నీళ్లు ఇంకిపోతాయి, తల మీది పండ్లకి చెయ్యెత్తితే గాలి కొమ్మని లాగేస్తుంది. ఊరించి ఊరించి అందకుండా చేయడమే టాంటలైజ్. పాన్ మేక కాళ్ల దేవుడు, కాపరుల దేవుడు. కారణం లేకుండా మంద బెదిరితే అది పాన్ పనే అనుకునేవాళ్లు. అదీ పానిక్.

నాటకం మాటలకైతే నెల్లూరు పురమందిరంలో ఒక పద్యనాటకం చూసిరా, సగం అర్థమవుతాయి. థియేటర్ అంటే చూసే చోటు. గ్రీసు దేశంలోని ఎపిడారస్‌లో క్రీ.పూ. 4వ శతాబ్దంలో కొండవాలున కట్టింది ఇప్పటికీ ఉంది, దాదాపు 14 వేల మంది పడతారు. మెట్ల ముందు గుండ్రటి నేల ఆర్కెస్ట్రా, అంటే ఆడే చోటు. (ఇప్పుడు ఆర్కెస్ట్రా అంటే పెళ్లి పందిట్లో చెవులు చిల్లులు పొడిచే కీబోర్డు!) అక్కడ కోరస్ అనే బృందం ఆడుతూ పాడుతూ, మన బుర్రకథ వంతల్లాగా మధ్యలో మాట కలుపుతుంది. వెనక వేషాలు మార్చుకునే పాక పేరు స్కీనీ, అదే మన సీన్.

నటులు మొదట్లో ఒక్కరే. నాటకాలు రాసే ఎస్కిలస్ రెండోవాణ్ణి, ఆయన తర్వాతి నాటకకర్త సోఫోక్లిస్ మూడోవాణ్ణి తెచ్చారు. ఆ ముగ్గురే ముసుగులు మార్చుకుంటూ ఆడవేషాలతో సహా అన్నీ కట్టేవాళ్లు, మన స్థానం నరసింహారావు సత్యభామ కట్టినట్టు. ఆ నటుడి పేరే హిపోక్రిటిస్. తర్వాత తర్వాత అది లోపలొకటి బయటొకటి ఉండేవాడికి అంటుకుంది. 'ఏందిరా, నాటకాలాడుతున్నావా' అని మనం తిట్టమూ? అచ్చం అదే.

ట్రాజెడీకి మాత్రం అసలర్థం మేకపాట, నవ్వకు. నాటకాల పోటీలో గెలిచినవాడికి మేకనిచ్చేవాళ్లని కొందరు, బలిచ్చేవాళ్లని కొందరు అంటారు.

ప్రశ్న: పండోరా పెట్టెలో ఏముంది?
– ఒక పాఠకుడు, అద్దంకి

జవాబు: అసలది పెట్టే కాదండీ. పాతకాలపు గ్రీకు కవి హేసియడ్ రాసింది నూనె, ధాన్యం పోసుకునే పెద్ద బాన గురించి. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లో చెబుతూ దాన్ని పెట్టె చేశాడు. గ్రీకు కథల్లో మొదటి ఆడమనిషి పండోరా దాని మూత తీస్తే కష్టాలన్నీ లోకం మీద పడ్డాయి, ఆశ ఒక్కటే లోపల మిగిలింది. అయినా మీరు పరీక్షలో బాన అని రాయకండి, మార్కు పోతుంది.