బొమ్మల పెట్టె: ఆ పాత యానిమే సిరీస్‌లు ఏమయ్యాయి?

చిన్నప్పుడు టీవీలో చూసిన జపాన్ బొమ్మల సిరీస్‌లలో మీకు ఏది గుర్తుందని కిందటి సంచికలో అడిగాం. జవాబుల కంటే ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి వివరంగా రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో లైట్ బాక్స్ ముందు కూర్చుని బొమ్మకూ బొమ్మకూ మధ్య బొమ్మలు గీసినదాన్ని, ఇప్పుడు పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నదాన్ని. అందుకే నా మాటల్లో కథ కంటే గీత గురించే ఎక్కువ ఉంటుంది.

ప్ర: కార్టూన్ నెట్‌వర్క్‌లో 'డ్రాగన్ బాల్ జెడ్' చూస్తూ పెరిగాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. 'సోలో లెవెలింగ్' తెలుగు డబ్బింగ్ పెడితే కదలకుండా చూస్తాడు. వాడికి నా హీరో గోకూని చూపిద్దామని కూర్చోబెడితే కాసేపటికే "నాన్నా, వీళ్లు కొట్టుకోరా, అరుస్తూనే ఉంటారా?" అని లేచిపోయాడు. మనసుకు కష్టం వేసింది. పాతవి నిజంగానే అంత స్లోనా, లేక ఈ పిల్లలకు ఓపిక లేదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జ: బాబును ఏమీ అనకండి. వాడు పట్టుకున్నది నిజమే. 'డ్రాగన్ బాల్ జెడ్' 1989 నుంచి 1996 వరకు వారం వారం వచ్చింది, మొత్తం 291 ఎపిసోడ్లు. దాని మూలం తొరియామా అకిరా 'షోనెన్ జంప్' వారపత్రికలో గీస్తున్న బొమ్మల కథ. ఆయన వారానికి గీసేది పదిహేను పేజీల చిల్లర. టీవీ వాళ్లకు అదే వారానికి ఇరవై నిమిషాల పైచిలుకు బొమ్మ కావాలి. ఆయన ఇంకా గీయని కథను వీళ్లు చూపించలేరు. మరేం చేస్తారు? ఒకరినొకరు గుడ్లురిమి చూసుకోవడం, గాలికి జుట్టు ఎగరడం, రాళ్లు పైకి లేవడం, పక్కన నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే నోరు తెరిచి ఆశ్చర్యపోవడం. నమెక్ గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని విలన్ ఫ్రీజా అంటాడు, గుర్తుందా? ఆ ఐదు నిమిషాలు వారాల తరబడి నడిచాయి.

అయితే మనకు అప్పుడు అది సాగదీతలా అనిపించలేదు. ఎపిసోడ్ ఆగిన చోట స్కూల్లో మన కథ మొదలయ్యేది. రేపు ఏమవుతుందని బస్సులో వాదించుకున్నాం, నోటు పుస్తకం వెనక గోకూ సూపర్ సైయాన్‌గా మారినప్పుడు నిలబడే జుట్టు గీసుకున్నాం. ఆ ఎదురుచూపు కూడా సిరీస్‌లో భాగమే. ఎపిసోడ్లన్నీ ఒకేసారి చేతికిస్తే ఆ భాగం పోతుంది, మిగిలేది సాగదీతే. ఈ సంగతి తీసినవాళ్లకూ తెలుసు. 2009లో 'డ్రాగన్ బాల్ జెడ్ కాయ్' పేరుతో ఆ నిడివిని బాగా కోసి మళ్లీ విడుదల చేశారు. మీ బాబుకు అది పెట్టండి.

ఇంకో మాట. పాత టీవీ యానిమేలో బొమ్మ తక్కువ కదలడానికి కారణం డబ్బూ టైమూ. 1963 జనవరి 1న తెజుకా ఒసాము 'ఆస్ట్రో బాయ్' మొదలుపెట్టినప్పుడు వారానికి అరగంట బొమ్మ గీయడం జరిగే పని కాదన్నారు. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు. ఆయన ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలబెట్టి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టాడు. ముఖం కదలదు, పెదాలే కదులుతాయి. ఒకసారి గీసిన పరుగును దాచిపెట్టుకుని వేరే ఎపిసోడ్‌లో మళ్లీ వాడేవాళ్లు. ఆ పని చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, తక్కువ బొమ్మలతో ప్రాణం పోయడం ఎక్కువ బొమ్మలతో పోయడం కంటే కష్టం. ఏ బొమ్మను నిలబెట్టాలో తెలిసినవాడే దాన్ని చేయగలడు.

పాతదంతా స్లో కాదని బాబుకు చూపించాలంటే 'ఫ్యూచర్ బాయ్ కానన్' మొదలుపెట్టండి. 1978లో మియాజాకి హయావో తీసిన సిరీస్, 26 ఎపిసోడ్లే. అందులో పిల్లవాడు కాలి వేళ్లతో అంచులు పట్టుకుని వేలాడతాడు, పరుగెత్తితే ఒళ్లంతా పరుగెత్తుతుంది. ఎనిమిదో ఎపిసోడ్‌లో కానన్ సంకెళ్లతో సముద్రం అడుగున చిక్కుకుపోతే, లానా పైకీ కిందికీ ఈదుతూ తన నోటితో గాలి తెచ్చి వాడికి అందిస్తుంది. ఆ సన్నివేశంలో ఎవరూ అరవరు. అయినా చూసేవాళ్లకు ఊపిరాడదు. అంత టెన్షన్ ఈనాటి సిరీస్‌లలో కూడా అరుదుగానే చూశాను.

ప్ర: దూరదర్శన్‌లో వచ్చిన 'జంగిల్ బుక్' మోగ్లీ సిరీస్ జపాన్ వాళ్లదని మా ఆఫీసులో అంటే ఎవరూ నమ్మలేదు. నిజమేనా? అక్కడ కూడా అంత పేరుందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: నిజమే. నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ తీసింది. 1989 అక్టోబరు నుంచి ఏడాది పాటు టీవీ టోక్యోలో వచ్చింది, 52 ఎపిసోడ్లు. మన దగ్గర 1993లో దూరదర్శన్ హిందీలో వేసింది. గుల్జార్ రాసిన పాట, విశాల్ భరద్వాజ్ ట్యూన్, షేర్ ఖాన్‌కు నానా పటేకర్ గొంతు. హిందీ ఒక్క ముక్క రాని మా ఊరి పిల్లలు కూడా ఆ పాటను ముక్కున పట్టి పాడేవాళ్లు. ఆ పాట మాత్రం జపాన్‌ది కాదు, పూర్తిగా మనదే.

జపాన్‌లో దానికి అంత పేరు లేదు. అక్కడ ఆ తరహా పిల్లల సిరీస్ అంటే 1974 నాటి 'హైదీ' ముందు గుర్తొస్తుంది. ఒక సిరీస్ పుట్టిన చోట మసకబారి ఇంకో దేశంలో వెలగడం యానిమేలో కొత్త కాదు. 'గ్రెండైజర్' అనే రోబో సిరీస్ 1978లో ఫ్రాన్స్‌లో 'గోల్డొరాక్' పేరుతో వెళ్లి అక్కడి పిల్లలను ఊపేసింది. అరబ్ దేశాల్లో దానికి ఈనాటికీ అభిమానులున్నారు. ఫిలిప్పీన్స్‌లో 'వోల్టెస్ ఫైవ్' మీద 1979లో మార్కోస్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. సరిగ్గా ముగింపు ఎపిసోడ్ల ముందు ఆపేశారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా మరిచిపోలేదు. 2023లో అక్కడి టీవీవాళ్లే అసలు మనుషులతో దాన్ని మళ్లీ తీశారు. కాబట్టి పాపులారిటీ తగ్గిందని ఎవరైనా అంటే, ఏ దేశంలో అని అడగాలి. మన మోగ్లీ కూడా అలాంటిదే.

ప్ర: ఒకప్పుడు అందరూ చూసి, ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకని సిరీస్‌లు ఉన్నాయా? ఇంత ఇంటర్నెట్ ఉండి ఏదైనా మాయమవుతుందా?
— ఒక లైబ్రేరియన్, వరంగల్

జ: మాయమవుతాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది 'క్యాండీ క్యాండీ'. అనాథ పిల్ల కథ. మిజుకి క్యోకో రాసింది, ఇగరాషి యుమికో బొమ్మలు గీసింది. 1976 నుంచి 1979 వరకు టీవీలో 115 ఎపిసోడ్లు వచ్చింది. ఇటలీ, ఫ్రాన్స్, మెక్సికో, ఇంకా ఎన్నో దేశాల్లో ఆడపిల్లలు దాన్ని చూసి ఏడ్చారు, నవ్వారు. ఆ తర్వాత రాసినావిడకూ గీసినావిడకూ మధ్య హక్కుల తగాదా వచ్చింది. బొమ్మ వాడాలన్నా కథ రాసినావిడ అనుమతి కూడా ఉండాలని 2001లో జపాన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇద్దరూ ఒక మాట మీదికి రాలేదు. దాంతో టీవీలో మళ్లీ వేయడం లేదు, డిస్కులు వేయడం లేదు, పుస్తకాలు కూడా అచ్చు వేయడం లేదు.

తీర్పును తప్పుపట్టను. కథ రాసినవాళ్లకు హక్కు ఉండాల్సిందే. కానీ ఆ 115 ఎపిసోడ్లకు రాత్రింబవళ్లు బొమ్మలు గీసినవాళ్లు, రంగులు వేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల పని కూడా అదే బీరువాలో ఉండిపోయింది. అది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

'మాక్రాస్' అనే రోబో సిరీస్‌ది ఇంకో రకం కథ. 1982లో వచ్చింది, 36 ఎపిసోడ్లు. అమెరికా టీవీ స్టేషన్లకు రోజూ వేయడానికి అన్ని సరిపోవు. అందుకని సంబంధం లేని ఇంకో రెండు సిరీస్‌లు కలిపి, కథ మార్చి, 1985లో 'రోబోటెక్' పేరుతో 85 ఎపిసోడ్లు చేశారు. అక్కడి నుంచి మొదలైన హక్కుల గొడవ 2021లో గానీ ఒక ఒప్పందానికి రాలేదు. ఈలోగా జపాన్ బయట ఒక తరం మాక్రాస్ పేరు కూడా వినకుండా పెద్దదైపోయింది. అభిరుచి మారి పాతవి పోయాయని అందరూ అనేస్తారు. చాలావాటి విషయంలో అభిరుచిని అడిగినవాడే లేడు. తలుపు వేసేశారు, అంతే.

ప్ర: యానిమేకి ఇప్పుడు ఇంత క్రేజ్ ఉంది కదా. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' మా ఊరి థియేటర్‌లో తెలుగులో ఆడింది. మరి సొంత దేశంలోనే పాత సిరీస్‌లకు ఆదరణ ఎందుకు తగ్గింది?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జ: మొదటి కారణం పిల్లలు తగ్గిపోవడం. 1973లో జపాన్‌లో 20.9 లక్షల మంది పుట్టారు. 2023లో 7.27 లక్షలు. ఒకప్పుడు సాయంత్రం ఏడు గంటలకు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునేవాళ్లు, ఆ టైములో బొమ్మల సిరీస్ ఉండేది. ఇప్పుడు ఆ టైము వేరే కార్యక్రమాలది. దశాబ్దాలుగా శుక్రవారం సాయంత్రం వచ్చే 'డోరెమాన్'ని కూడా 2019 అక్టోబరులో శనివారానికి జరిపేశారు. కొత్త యానిమేలో చాలావరకు అర్ధరాత్రి వేళ, లేదా స్ట్రీమింగ్‌లో వస్తుంది. కుటుంబమంతా కలిసి చూసిన సిరీస్‌ను నలుగురూ నాలుగు ఫోన్లలో చూసే రోజుల్లోకి తెచ్చి నిలబెడితే అది ఒంటరిదైపోతుంది. 'సజాయె సాన్' అనే కుటుంబ కథల సిరీస్ ఒక్కటే 1969 నుంచి ఇప్పటికీ ఆదివారం సాయంత్రం వస్తూనే ఉంది.

అలాగని పాతవాటి పని అయిపోయిందనుకోవద్దు. బాస్కెట్‌బాల్ ఆట మీద తీసిన 'స్లామ్ డంక్' టీవీలో 1996లోనే ఆగిపోయింది. 2022 డిసెంబరులో ఆ కథ సృష్టికర్త ఇనౌఎ తకెహికో తనే దర్శకుడిగా సినిమా తీస్తే ఒక్క జపాన్‌లోనే 1500 కోట్ల యెన్‌లకు పైగా వసూలైంది.

ప్ర: మంచిదైతే అప్పుడే హిట్టయ్యేది కదా! పాత ఫ్లాపులను ఇప్పుడు క్లాసిక్ అనడం ఏమిటి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జ: మీ మాట ఒప్పుకోను. 'స్పేస్ బ్యాటిల్‌షిప్ యమతో' 1974 అక్టోబరులో ఆదివారం రాత్రి ఏడున్నరకు మొదలైంది. అదే టైముకు పక్క ఛానల్‌లో 'హైదీ'. పిల్లలంతా హైదీ వైపే. 39 ఎపిసోడ్లు అనుకున్న యమతోను 26తో ముగించేశారు. తర్వాత మళ్లీ మళ్లీ ప్రసారం చేయగా జనం పట్టుకున్నారు. 1977లో ఆ ఎపిసోడ్లనే సినిమాగా కూర్చి వదిలితే కుర్రాళ్లు రాత్రి నుంచే థియేటర్ల ముందు క్యూ కట్టారు. 1979 నాటి రోబో సిరీస్ 'గుండం'దీ ఇదే దారి. 52 అనుకున్నది 43కే ఆపేశారు. మరుసటి ఏడాది ప్లాస్టిక్ మోడళ్లు వచ్చాయి, తర్వాత మూడు సినిమాలు వచ్చాయి, దాని పేరుతో ఇప్పటికీ కొత్త సిరీస్‌లు వస్తున్నాయి. మొదటి ప్రసారంలో వచ్చిన రేటింగ్‌తోనే లెక్క తేల్చేసి ఉంటే ఈ రెండూ ఈరోజు ఎవరికీ తెలిసేవి కావు.

ప్ర: పాత సిరీస్‌ల అసలు బొమ్మలు, 'సెల్స్' అంటారట, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఒకటి కొనుక్కోవాలని ఉంది. కొనవచ్చా? ఎలా దాచుకోవాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జ: కొనండి, కానీ తెలుసుకుని కొనండి. సెల్ అంటే పారదర్శకమైన ఎసిటేట్ షీటు. ముందు వైపు గీత, వెనక వైపు రంగు. ముందు నుంచి చూస్తే రంగు అద్దంలా సమంగా ఉంటుంది. తిప్పి చూస్తే పెయింట్ మందంగా, అంచుల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తుంది. ఏ రంగు ముందు వేశారో, ఏది తర్వాత వేశారో ఆ వెనక వైపు చూసి చెప్పేయవచ్చు. కంట్లో ఉండే చిన్న తెల్లటి మెరుపును ముందు వేసి, దాని మీద నల్లగుడ్డు వేయాలి, ఎందుకంటే మనం చూసేది అవతలి వైపు నుంచి. అంచున పిన్నుల కోసం రంధ్రాలు, మూలన ఏ-12 లాంటి నంబరు ఉంటాయి. అక్షరం ఏ పొరో చెబుతుంది, అంకె ఎన్నో బొమ్మో చెబుతుంది. రంగు వెనక వైపు అలా గడ్డకట్టి కనిపించకుండా, అంతా నున్నగా అచ్చేసినట్టుంటే అది అభిమానుల కోసం తర్వాత ముద్రించిన కాపీ అయి ఉండవచ్చు. అమ్మేవాళ్లను వెనక వైపు ఫోటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

షూటింగ్ అయిపోయాక స్టూడియోలు వీటిని చెత్త కింద పారేసిన రోజులున్నాయి. అందుకే మిగిలినవాటికి ఇంత ధర. 2000 తర్వాత పరిశ్రమ దాదాపు మొత్తం కంప్యూటర్ రంగుల్లోకి వెళ్లిపోయింది. 'సజాయె సాన్' మాత్రం 2013 దాకా సెల్స్ వదల్లేదు.

ఇక దాచుకోవడం. ఎసిటేట్ కాలం గడిచేకొద్దీ పాడవుతుంది. వెనిగర్ వాసన వచ్చిందంటే మొదలైనట్టే. అలాంటిదాన్ని మిగతావాటితో కలిపి పెట్టకండి, పక్కవాటికీ పాకుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్లో బిగించి మూయకండి. మధ్యలో యాసిడ్ లేని కాగితం పెట్టి, ఎండా తేమా తగలని చోట, బల్లపరుపుగా ఉంచండి. గోడకు తగిలించి రోజూ వెలుతురు తగలనిస్తే ముందు నల్ల గీతలు గోధుమ రంగులోకి మారి, తర్వాత చెరిగిపోతాయి. వెనక పెన్సిల్ డ్రాయింగ్ కాగితం అతుక్కుని ఉంటే లాగవద్దు, రంగు ఊడి దానితో పాటు వచ్చేస్తుంది. అలాగే ఉంచేయండి. నిజానికి ఆ పెన్సిల్ గీతే ముందు పుట్టింది, సెల్ దాని నకలు. రెండూ కలిసి దొరికితే ఇంకో వెయ్యి ఎక్కువైనా కొనమంటాను.