ఖాళీ ఫోల్డర్‌ని నమ్మకు

చిట్టీ,

ఆఫీసులో విండోస్ సర్వర్ ఫైళ్లను లినక్స్ మెషిన్లన్నిటికీ నువ్వే కలుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. నా కీబోర్డు కీలు పీకి తలకిందులుగా పెట్టిన పిల్లవేనా! గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

సర్వర్ షేర్‌ని (నలుగురూ వాడే ఫోల్డర్‌ని) లినక్స్‌లో ఒక ఖాళీ ఫోల్డర్‌కి తగిలించడం, అదే మౌంట్ చెయ్యడం, బూట్ అయినప్పుడు దానంతటదే తగిలేలా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో లైను రాయడం నీకు తెలుసు. పాస్‌వర్డ్ మాత్రం ఆ లైన్లో పెట్టకు, దాన్ని ఎవరైనా చదవగలరు. విడిగా క్రెడెన్షియల్స్ ఫైల్‌లో పెట్టి, దాని యజమాని తప్ప ఇంకెవరూ చదవకుండా 600 పర్మిషన్ ఇవ్వు. ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్) పేరున కనబడితే మౌంట్ లైన్లో యూఐడీ, జీఐడీ, అంటే యూజర్, గ్రూప్ నంబర్లు చూసుకో. పాత మెషినేదో కలవట్లేదని ఎస్‌ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) తెరిచావో, ఊరుకోను. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై పాకింది ఆ దారినే.

అసలు నా భయం వేరే. నేను పనిచేసిన ఒకచోట, చాలా తెలివైన కుర్రాడే, రాత్రి బ్యాకప్‌కి ఆర్‌సింక్ (ఫోల్డర్లను కాపీ చేసే కమాండ్) స్క్రిప్ట్ రాశాడు. షేర్‌లో తీసేసినవి బ్యాకప్‌లోనూ పోవాలని డిలీట్ ఆప్షన్ పెట్టాడు. నెలల తరబడి బాగానే నడిచింది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. లినక్స్ మెషిన్ లేచింది గానీ సర్వర్ లేవలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ ఆప్షన్ పెట్టి ఉంది కాబట్టి షేర్ మౌంట్ కాకపోయినా బూట్ ఆగలేదు. మౌంట్ కానంత మాత్రాన ఆ ఫోల్డర్ మాయమైపోదమ్మా, ఖాళీగా అక్కడే ఉంటుంది. స్క్రిప్ట్ ఆ ఖాళీని చూసి, అన్నీ తీసేశారు కాబోలనుకుని బ్యాకప్ మొత్తం తుడిచేసింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. సర్వర్ డిస్కు కూడా అదే దెబ్బకి పోయిందని పొద్దున తెలిసింది. పాపం, ఆ అబ్బాయి ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

అందుకని, షేర్ మౌంట్ కాకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ (chattr) కమాండ్‌తో ఇమ్మ్యూటబుల్ గుర్తు పెట్టు, అప్పుడు అందులో ఎవరూ ఏమీ రాయలేరు. లేకపోతే షేర్‌లోకి వెళ్లాల్సిన ఫైళ్లు లోకల్ డిస్కులో పడతాయి, తర్వాత షేర్ మౌంట్ అవగానే కనబడకుండా పోతాయి. స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో షేర్ మౌంట్ అయిందో లేదో చూసుకో. ఫోల్డర్‌ని ముట్టుకున్నప్పుడే మౌంట్ చేసే సిస్టమ్‌డీ ఆటోమౌంట్ వాడితే, షేర్ లేకపోయినా ఆ కమాండ్ ఉందనే చెబుతుంది, కాబట్టి సర్వర్ వైపు ఒక గుర్తు ఫైల్ పెట్టి, అది కనబడితేనే కాపీ మొదలుపెట్టించు. ఆర్‌సింక్‌లో మ్యాక్స్-డిలీట్ ఆప్షన్ కూడా ఉంది, ఒకసారికి ఎన్ని ఫైళ్లు తీసెయ్యొచ్చో పరిమితి పెట్టు.

అన్నీ అయ్యాక కావాలనే సర్వర్ కేబుల్ పీకి స్క్రిప్ట్ నడిపి చూడు. ఉత్తుత్తి ఫైళ్లతోనే సుమా. ఏం జరిగిందో ఫోన్ చేసి చెప్పు, ఎంత రాత్రయినా సరే.

మావయ్య