తెల్ల పందులకు నల్ల పిల్లలు పుడితే పనివాణ్ణి అనుమానించకండి

మీ పందుల్లో తల్లీ తండ్రీ రెండూ తెల్ల క్రాస్‌బ్రీడ్‌లే (రెండు జాతులు కలిసినవే), పది పిల్లల్లో మూడు మాత్రం నల్లగా పుట్టాయి, షెడ్డు చూసే మనిషి ఊరపందిని లోపలికి రానిచ్చాడేమో అని మీరు అడిగారు. దయచేసి ఆ మాట అతనితో అనకండి. నేను అన్నాను.

మాది గుంటూరు దగ్గర, తాడికొండ వైపు. అసలు సిసలు యార్క్‌షైర్ (విదేశీ తెల్ల పంది జాతి) అని చెబితే నమ్మి ఒక తెల్ల మగపందిని కొని, నల్ల నాటు ఆడపందులకు దాటించాను, పిల్లలన్నీ తెల్లవే పుడతాయనుకున్నాను. మూడు నెలల మూడు వారాల మూడు రోజులకు మొదటిది ఈనింది. తొమ్మిది పిల్లల్లో నాలుగు బొగ్గులా ఉన్నాయి. పనిచేసే కుర్రాణ్ణి నిలదీశాను. "లేదన్నా, రోజూ గేటు నేనే వేశాను" అని ఎంత చెప్పినా వినలేదు. వారం తిరక్కుండా మానేశాడు. రెండో ఆడపంది కూడా అలాగే ఈనాక, గన్నవరం వెటర్నరీ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన చెప్పింది ఇదీ. పిల్ల కడుపులో ఉండగా రంగు కణాలు వీపు వైపు నుంచి ఒళ్లంతా పాకి చర్మంలో చేరాలి. అందుకు కిట్ అనే జన్యువు కావాలి. యార్క్‌షైర్, లాండ్రేస్ లాంటి తెల్ల జాతి పందుల్లో ఆ జన్యువు రెండు ప్రతులై, అందులో ఒకటి చెడిపోయి ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 1990లలోనే దీన్ని పట్టుకున్నారు. అలా చెడిన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, రంగు కణాలు చర్మానికి చేరవు, పంది తెల్లగా ఉంటుంది. నలుపునిచ్చే జన్యువు మాత్రం లోపల భద్రంగానే ఉంటుంది, అది వేరే జన్యువు. తెల్ల పంది కళ్లు చూడండి, ముదురుగానే ఉంటాయి. కంటి లోపలి రంగు కణాలు అంత దూరం పాకి రానక్కర్లేదు మరి.

అసలైన యార్క్‌షైర్‌ని నల్ల నాటు పందితో కలిపితే పిల్లలన్నీ తెల్లవే, కొన్నిటికి చర్మం మీద నీలిబూడిద మచ్చలుంటాయి. అలాంటి తెల్లవాటినే రెండిటిని కలిపితే నాలుగింట ఒకటి నల్లగా రావాలి. పదికి మీకు మూడు వచ్చాయంటే లెక్క సరిపోయినట్టే. నా మగపంది కూడా క్రాసే, నల్ల ఆడపందితో కలిస్తే సగం సగం రావడం న్యాయమే.

ఇకమీద తెల్ల మగపందిని కొనేటప్పుడు రంగు చూసి డబ్బు కట్టకండి. అది నల్ల నాటు ఆడపందులకు కన్న ఈతలు అడిగి చూడండి. ఒక్క నల్ల పిల్ల ఉన్నా అది క్రాస్ అనుకోండి. ఎనిమిది పుట్టి ఎనిమిదీ తెల్లవైతే, క్రాస్ అయ్యే అవకాశం చాలా తక్కువ. క్రాస్ మగపందికి అలా జరగడం 256 ఈతల్లో ఒక్కసారే.

ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చింది గానీ, అతను తిరిగి పనిలోకి రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీ నల్ల పిల్లల్ని తక్కువ ధరకు వదిలించుకోకండి. మా దగ్గర మే నెల ఎండకు తెల్లవాటి చెవులు, వీపులు కమిలిపోతాయి, నల్లవాటికి ఆ బాధ తక్కువ. ఆ మూడింట్లో ఆడది ఉంటే చన్నులు లెక్కపెట్టండి. పద్నాలుగు ఉంటే తల్లిగా ఉంచుకోండి.