దూలగొండిని కొలిచే ముందు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

అడవి గింజల్లోని రసాయనాలు కొలిచే ప్రాజెక్టుకి దూలగొండి, పిల్లిపెసర తీసుకుంటానన్నావు, బాగుంది. గురివింద మాత్రం వదిలెయ్. ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంటుంది, పొడి కొట్టేటప్పుడు పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది.

రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పిఎల్‌సి మిషను దొరుకుతుందో లేదోనని టెన్షన్ పడకు. నీ అంకె సగం మిషను దాకా వెళ్లకముందే ఖాయమైపోతుంది.

పిల్లిపెసరనే చూడు. మన డెల్టాలో వరి కోతలకి ముందు చేలో చల్లుతారు కదా, గట్టు మీద మొలిచిందల్లా అడవిది అనుకోకు. నిరుడు రాలిన విత్తనం కావచ్చు. ఎవరూ చల్లని చోట వెతుకు. దూలగొండిలోనూ దురద నూగు లేని సాగు రకం ఒకటుంది. అందుకే ఏ మొక్కో తర్వాత సరిచూసుకునేలా, పువ్వు, కాయ ఉన్న కొమ్మను ఒత్తి, ఎండబెట్టి, కాగితానికి అతికించి హెర్బేరియం షీటు చెయ్యి. ఒకే రసాన్ని మూడుసార్లు కొలిస్తే మూడు నమూనాలు అయిపోవు, వేర్వేరు తీగల నుంచి తెచ్చుకో.

ఇక తేమ. మన గాలికి ఎండిన గింజ కూడా మళ్లీ చెమ్మ పీలుస్తుంది. పొడి తూచిన రోజే అందులో కొంచెం వేరుగా తీసి, 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టు. ఆ ఎండిన పొడి తేమ లెక్కకే, పరీక్షకి వాడకు. తేమ 12 శాతం ఉండి, 100 గ్రాముల దూలగొండి పొడిలో 4.4 గ్రాముల ఎల్-డోపా (ఆ గింజలో ఉండే మందు పదార్థం) తేలిందనుకో, తేమ తీసేసిన బరువు మీద అది 5 శాతం. ఈ లెక్క వెయ్యకపోతే వేరే ఊరి గింజతో పోల్చడానికే ఉండదు.

ఎల్-డోపా పార్కిన్‌సన్స్ అనే వణుకుడు జబ్బుకి ఇచ్చే మందే. గాలి తగిలి ఆక్సీకరణం చెందితే రసం నల్లబడుతుంది, అప్పుడు నువ్వు కొలిచేది మిగిలినదాన్నే. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, చల్లగా, వెలుతురు తగలకుండా తీసి ఆ రోజే 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూడు. అదే పొడిలో ఇంకో వంతుకి తెలిసినంత ఎల్-డోపా కలిపి తీసి, ఎంత తిరిగొచ్చిందో సరిచూసుకో. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే.

మొత్తం ఫినాల్ పదార్థాలను రంగుతో కొలిచే ఫోలిన్ పరీక్ష చవక, కాదనను. కానీ అది ఎల్-డోపానీ ఫినాల్‌గానే లెక్కేస్తుంది, విటమిన్ సి ఉంటే దాన్నీ కలిపేసుకుంటుంది. దూలగొండిలో పెద్ద అంకె వచ్చిందని ఫ్లేవనాయిడ్లు (ఫినాల్స్‌లో ఒక రకం) దండిగా ఉన్నాయని రాసెయ్యకు. యాంటీఆక్సిడెంట్ గుణం చూసే పరీక్షలో డిపిపిహెచ్ అనే ఊదా రసాయనం రంగు పోయిందంటే టెస్ట్‌ట్యూబులో పోయిందనే అర్థం, మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో అది చెప్పదు. పెసలలో వైటెక్సిన్ అనే ఫ్లేవనాయిడ్ ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది కాబట్టి పిల్లిపెసరని పొట్టుతోనే పొడి కొట్టు.

దూలగొండి కాయలు గాలి లేని పొద్దున, మంచు తడి ఆరకముందే కొయ్యి. గ్లవుజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మొక్కలు ఒత్తే ప్రెస్సు నా దగ్గరుంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. కాయలు కోసిన బట్టలతో మాత్రం లోపలికి రాకు, మీ పెద్దమ్మ గడప తొక్కనివ్వదు.

పెదనాన్న