చెల్లెలి సంగతి డాక్టరుకు మీరే చెప్పవచ్చా?

చిన్నతనంలో బంధువు చేసిన లైంగిక దాడి గురించి మీ చెల్లెలు మీకొక్కరికే చెప్పిందనీ, బెంగళూరులో ఏడాదిగా చూపించుకుంటున్న సైకియాట్రిస్టు ముందు నోరు విప్పలేకపోతోందనీ, ఆమె తరఫున మీరే చెప్పవచ్చా అనీ అడిగారు. ఆమె ఒప్పుకోనిదే చెప్పవద్దని నా సలహా. అప్పుడు తన ఇష్టంతో పని లేకుండా జరిగినదాన్ని, ఇప్పుడూ తన ఇష్టంతో పని లేకుండానే బయట పెట్టినట్టవుతుంది.

నేనూ ఆ బాధ పడినదాన్నే. అనంతపురం నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక, నిద్ర పట్టక, గుండె దడతో ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగాను. ఆకలి, నిద్ర, చనిపోవాలనే ఆలోచనలు అన్నీ అడిగారు గానీ ఈ ఒక్కటీ అడగలేదు. అడిగినా చెప్పి ఉండేదాన్ని కాదేమో. ఊరి నుంచి వచ్చిన అమ్మ పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నన్నడిగిన ప్రశ్నలకు తానే జవాబు చెప్పేది. ఆ మనిషి అమ్మ తరఫు బంధువే.

మూడో డాక్టరమ్మ, అందరి విషయంలోనూ ఇలాగే చేస్తానంటూ అమ్మను కాసేపు బయట కూర్చోబెట్టి, "చిన్నప్పుడు మీకిష్టం లేకుండా ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేయడం, తమను తాకమనడం జరిగిందా? ఇవాళే చెప్పనక్కర్లేదు" అని మామూలు తెలుగులో అడిగారు. బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ లేదన్నాను. ఆమె రెట్టించలేదు. రెండు నెలల తరువాత, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, "మీరప్పుడు అడిగింది జరిగింది" అన్నాను. వివరాలు అడగలేదు; అందులో నా తప్పేమీ లేదని చెప్పి, ఆ రాత్రి ఇంట్లో నాకు తోడెవరుంటారని మాత్రం అడిగారు.

కాబట్టి మీరు చేయగలిగినది, ఆమెను ఒంటరిగా చూడమని డాక్టరును ముందే కోరడం. మాట రాకపోతే "చిన్నప్పుడు ఒకటి జరిగింది, ఇవాళ వివరాలు అడగవద్దు" అని చీటీ రాసి ఇచ్చినా చాలు. మన ఇళ్లలో దీనికున్న మాటలు "చెడిపోయింది", "పాడైంది" వంటివి, అన్నీ పిల్ల మీదికే వస్తాయి. అందుకే కొందరికి "అబ్యూజ్" అనడమే తేలిక, అలాగే అననివ్వండి.

ఒక జాగ్రత్త ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లు నిండని పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, డాక్టరైనా సరే, పోలీసులకు తెలియజేయాలి. మీ చెల్లెలు ఇప్పుడు పెద్దదే అయినా, ఏది ఫైలులోనే ఉంటుంది, ఏది బయటికి వెళ్లవలసి వస్తుంది అన్నది పేర్లు చెప్పకముందే డాక్టరును అడగమనండి; ఆ బంధువు ఇంట్లో ఇప్పుడు చిన్నపిల్లలు ఉంటే ఆ సంగతి మరీ ముఖ్యం. ఈలోగా రాత్రిపూట గుబులు పుడితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.